తోట గోడకు ఇవతల

నెమలిగుండ్ల పాలెగార్లలో జనం నోట పేరు నిలిచినవారు ముగ్గురు. ముసలప్ప నాయనివారు ఆర్కాటు నవాబుల కాలంలో కనుమ కాసినవారు. ఆ కనుమ దాటే ప్రతి బండీ ఆయన మనిషికి చెప్పి దాటేది. వారి కుమారులు వేంకటపతి నాయనివారు. ఇంగ్లీషు కుంపిణీవాళ్ళు కోట గోడలు పడగొట్టించినా జాతరలో మొదటి తాంబూలం మాత్రం ఆయన వదులుకోలేదు. మూడోవారు మా తాత, పెద్ద రాయప నాయనివారు. పల్లకి లేకుండా ఊరు దాటని ఆయన, శేషాచలం కొండ కనబడగానే పల్లకి దిగి తిరుపతి దాకా నడిచేవారు.

నేను ఆయన పేరు పెట్టుకున్నవాణ్ణి. కోట ఉన్నచోట ఇప్పుడు వేరేవాళ్ళు చెరకు వేస్తున్నారు. పల్లకి మాత్రం మా చావడి దూలాలకు వేలాడుతూ ఉండేది, ముతక దుప్పటి కప్పుకొని.

తిరుపతిలో మాకు ఒక తోట ఉండేది. తాతగారు దాన్ని అక్కడి కళాశాలకు ధార పోశారు. విద్యార్థులు మొక్కలను చూసి చదువుకోవాలి, తోట తోటగానే ఉండాలి, మరో పనికి వాడదలిస్తే మా వంశంలో పెద్దవాడి సమ్మతి తీసుకోవాలి. ఇవి దానపత్రంలోని మాటలు. పత్రంలో లేని నియమం ఒకటి మా ఇంట్లో ఉంది. నీళ్ళు వదిలి ఇచ్చినచోట మళ్ళీ అడుగు పెట్టం. అక్కడి పండు తినం, అక్కడి నీడన నిలబడం. మా నాయన ఎన్నోసార్లు కొండకు వెళ్ళారు గాని ఆ గేటు దాటలేదు. నేనూ దాటలేదు.

యుద్ధం ఇంకా నడుస్తున్న ఈ వేసవిలో కళాశాలవారు కబురు పంపారు. తిండిగింజలకు కరువు వచ్చింది కనుక మొక్కలు పీకించి ఆ నేలలో రాగి చల్లుతారట. యుద్ధం ముగిశాక అక్కడే విద్యార్థులకు వసతిగృహం కడతారట. నన్ను వచ్చి సమ్మతి సంతకం చేయమన్నారు. చేయనని చెప్పడానికి బయలుదేరాను. ఉత్తరం రాస్తే సరిపోయేది. అయితే కాదనే మాటను మావాళ్ళు ఎదుట నిలబడి అనేవాళ్ళు.

చిత్తూరు

జరీ తలపాగా, గుండీల కోటు, తాతగారి వెండిపొన్ను కర్రతో బండి దిగాను. చిత్తూరులో ఎటు చూసినా బెల్లం వాసన. మండీల ముందు బెల్లం దిమ్మెలు గోనెల మీద పేర్చి ఉన్నాయి, వాటిమీద ఈగలు. మామిడికాయల బండ్లు దారి ఇవ్వవు. మా ఊళ్ళో నేను వస్తుంటే బండి పక్కకు తొలుగుతుంది. ఇక్కడ నేనే తొలిగాను.

స్టేషను దారిలో ఒక హోటల్లోకి వెళ్ళాను. యుద్ధానికి ముందు కాలణాకు దొరికిన ఇడ్లీ ఇప్పుడు అర్ధణా, పైగా చిన్నదైపోయింది. మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న అతిథి చేయి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉంటారు. ఇక్కడ ఆకు వేసినవాడు నా భుజం తట్టి, "కొంచిం జరుగప్పా, ఇంకొకాయన కూసోవల్ల" అన్నాడు. జరిగాను.

కాఫీ అడిగాను.

"సక్కెర లేదు సామీ, యుద్ధానికి పోయింది. బెల్లం కాపీ తాగతావా?"

"యుద్ధానికి పోయి చక్కెర ఏం చేస్తుందయ్యా?"

"ఏమో సామీ, అది మాకు సెప్పి పోలేదు."

పక్క విస్తరివాళ్ళు నవ్వారు. బెల్లం కాఫీ బాగానే ఉంది. చెప్పలేదు గాని, రెండో గ్లాసు కూడా తాగాను.

పాకాల

మావాళ్ళెవరూ మూడో తరగతి పెట్టె ఎక్కి ఎరుగరు. నేను ఎక్కాను. పాకాలలో రైలు చాలాసేపు ఆగుతుంది. ధర్మవరం దారి కలిసేది అక్కడే, ఇంజను నీళ్ళు పట్టుకునేదీ అక్కడే. నేనూ నీళ్ళ కోసం దిగాను. ఇంతలో డోలు భుజాన వేసుకున్న ఒక మనిషి నామీదికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఈడ నిలబడుకోని ఉండావు? నీకోసం రైలంతా ఎతుకుతా ఉండాం! సన్నాయి యాడ?"

"ఏ సన్నాయి?"

"సూడు, ఏ సన్నాయని అడుగుతాడు! తిరుపతిలో ముహూర్తానికి టయమైపోతాది. ఎక్కు, ఎక్కు."

చిత్తూరు నుంచి రావలసిన సన్నాయి ఆయన కోసం వాళ్ళు కాచుకొని ఉన్నారు. జరీ తలపాగా, గుండీల కోటు చూసి నేనే అనుకున్నారు. ఈ రోజుల్లో అటువంటి వేషం మేళంవాళ్ళు తప్ప ఎవరు వేస్తున్నారు? నేను నెమలిగుండ్ల రాయప నాయనినని చెప్పాను. "ఎవరైతే ఏమప్పా, బండి కదల్తా ఉండాది" అని నన్ను లోపలికి నెట్టాడు. అసలు సన్నాయి ఆయన అదే పెట్టె మూలన, మామూలు చొక్కాతో, నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు.

డోలు ఆయన పేరు గురవయ్య, ఆ మేళానికి పెద్ద. జరిగింది తెలిసి చెంపలు వేసుకున్నాడు. ఆయన తల్లి, పళ్ళు లేని ముసలమ్మ, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కర్ర నిటారుగా పట్టుకొని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. అయితే రెండు స్టేషన్లు దాటేసరికి ఆ ముసలమ్మ నా ప్రయాణం సంగతంతా రాబట్టింది.

"అయితే సామీ, ఆ తోటలో ఉండేటివి మామిడిసెట్లా?"

"కావు. చదువుకోవడానికి పెంచే చెట్లు. ఒక్కొక్కదానికి పేరు రాసిన రేకు ఉంటుంది."

"కాయలు తినేటివి కావా?"

"కావు."

"పేరు రాసినంత మాత్రాన కడుపు నిండుతాదా సామీ? మాకు రేసను బియ్యంలో సగం రాళ్ళే వస్తా ఉండాయి. ఆడ రాగులేస్తే నలుగురు సంగటి తింటారు. తినని సెట్లకు నీళ్ళు పోసేది ఏం ధరమం?"

జవాబు ఉన్నట్టుగా మీసం సవరించుకున్నాను. ఆమె అది చూసి మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకుంది.

గురవయ్య మాట మార్చాడు. "పాలెగార్ల ఇంట్లో పల్లకి ఉంటాది గదా దొరా? ఉంటే అమ్ముతారా? పెండ్లికొడుకును గుర్రమ్మీద ఎక్కిస్తే మా డోలుకు బెదిరి పరిగెత్తుతాది. మొన్న ఒక పెండ్లికొడుకు యాడికి పోయినాడో మూడూళ్ళు ఎతికినాం. పల్లకైతే బెదరదు."

"మా పల్లకి అమ్మకానికి లేదు" అన్నాను.

"ఉత్తినే ఉండాది గదా దొరా?"

"ఉండనీ."

చంద్రగిరి

చంద్రగిరిలో దిగిపోయాను. మా మేనత్త అక్కలమ్మ అక్కడ ఉంటుంది. నాయనకు అక్క. మా ఇంట్లో ఆ తోటను లోపలినుంచి చూసినవాళ్ళలో ఆమె ఒక్కతే మిగిలింది, అదీ ధార పోయకముందు.

అత్తను చూడబోయేముందు రాజమహల్ దాకా నడిచాను. రాళ్ళు చెక్కుచెదరలేదు. దొరతనంవారు కాపలా పెట్టి చూసుకుంటున్నారు. రాజుల తోటలు ఎక్కడ ఉండేవని కావలివాణ్ణి అడిగాను. "తోటలా? ఆడంతా మేకలు మేస్తాయి" అని చెయ్యి ఊపాడు. గోడకు ఒకరు కాపలా ఉంటే నిలబడుతుంది. చెట్టుకు ప్రతిరోజూ ఒకరు కావాలి. అది ఆ కోటలో తిరుగుతుంటే తోచింది.

అత్త రాగిసంగటి ముద్ద, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. మా వైపు ఊరిబిండిలో చింతపండు తక్కువ, ఇక్కడ నాలుక ముడుచుకుపోయేంత. రెండో ముద్ద తింటూ, సంతకం చేయనని చెప్పడానికి వెళుతున్నానని చెప్పాను.

"సంతకం సెయ్యకపోతే సెట్లు బతుకుతాయా?" అంది అత్త.

"బతక్క?"

"నీళ్ళు యాడివి నాయనా? కాలవ మూసినోడు మీ నాయనే గదా!"

సంగటి చేతిలోనే ఆగిపోయింది. తోట పక్కనే, గోడకు ఇవతల, మాకు ఇంకా ఒక ఖాళీస్థలం, అందులో ఒక పెద్ద బావి ఉన్న మాట నాకు తెలుసు. తిరుపతిలో మాకు మిగిలింది అదే. తోట ఇచ్చేసిన తర్వాత కూడా తాతగారు బతికున్నన్నాళ్ళు ఆ బావినుంచి గోడకింది కాలువ గుండా తోటకు నీళ్ళు పారేవన్న సంగతి మాత్రం తెలియదు.

"మీ తాత పోయినాక ఊళ్ళో ఎవురో అన్నారంట, నాయనివారు తోట ఇచ్చినట్టే ఇచ్చి నీళ్ళు మాత్రం సేతిలో పెట్టుకున్నారు అని. ఆ మాటకు మీ నాయనకు రోసమొచ్చింది. ఇచ్చినదాంతో మాకు ఏ సమ్మందం లేదని ఇటికలు పెట్టి కాలవ మూపించినాడు. సున్నం పూసి మరీ!"

"కళాశాలవాళ్ళు ఇంజను పెట్టుకున్నారని నాయన చెప్పారు."

"పెట్టుకున్నారు. దూరంగా ఏదో బాయికి ఇంజను, ఈడిదాకా గొట్టాలు. ఇంజనుకు నూనె కావల్ల. ఇప్పుడు నూనె యాడ దొరుకుతాది? దీపానికే లేదు." అత్త నా విస్తట్లో ఇంకా కొంచెం ఊరిబిండి వేసింది. "మీ నాయన మొండోడు. నువ్వు ఇంకా మొండోడివి. పో, పొయ్యి ఆ ఎండిన కట్టెల ముందు మీసం తిప్పి రా."

తిరుపతి: గేటు బయట

మర్నాడు తిరుపతి చేరాను. గుండు చేయించుకొని చందనం పూసుకున్న యాత్రికులు వీధినిండా. పూలమ్మేవాళ్ళు నన్ను కూడా యాత్రికుడినే అనుకొని వెంటపడ్డారు. నేను నేరుగా తోట గేటుకు వెళ్ళి, బయట నిలబడి, వచ్చానని చెప్పి పంపాను.

కళాశాల కార్యదర్శి గారు లోపల చెట్టుకింద కుర్చీలు వేయించి కాచుకొని ఉన్నారు. నేను లోపలికి రాకపోయేసరికి, మర్యాద చాలలేదని అలిగాననుకున్నారు. ముందు ఒక పూలదండ పంపారు. వేయించుకున్నాను, కదల్లేదు. తర్వాత సోడా వచ్చింది. తాగాను, కదల్లేదు. ఆ తర్వాత ఒక గొడుగు వచ్చింది. చివరికి ఆయనే చెమటలు కక్కుతూ వచ్చారు.

"ఇంకా ఏం చేయమంటారండీ నాయనిగారూ? మేళం పిలిపించమంటారా?"

"మేళం నిన్ననే చూశాను. ధార పోసిన నేలమీద మేం అడుగు పెట్టం. అంతే సంగతి."

ఆయన వెనుక వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు రామనాథం గారు ఉన్నారు. కృష్ణా జిల్లా మనిషి, మోచేతులదాకా మట్టి. నా మాట విని ఆయన నవ్వలేదు. "అయితే తోటే మీ దగ్గరికి వస్తుందండీ" అని లోపలికి వెళ్ళి, రాలిన ఆకులు, ఎండిన కాయలు పట్టుకొచ్చి గేటు కమ్మీల మధ్యనుంచి చూపించడం మొదలుపెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకొని చూశాను. ఆకు తీసుకున్నా తీసుకున్నట్టే.

"ఇది ఎర్రచందనం కాయండీ, చుట్టూ అంచు చూశారా, గాలికి ఎగరడానికి. ఇది పేరిత. ఈత మొక్కలా ఉంటుంది గాని ఈత కాదు. ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. దీనిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ మొక్కకు కంకిలా వచ్చే పొత్తిని మందుకని కోసి అమ్ముతున్నారు. కొండమీద ఏటేటా తగ్గిపోతోంది. ఇక్కడ జత ఉంది. ఆడదానికి గింజ పట్టడం మొదలైంది."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"నేను రాకముందు నాటినవండీ. మీ తాతగారి కాలంవే అయ్యుండాలి."

కార్యదర్శి గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. "చూడండి నాయనిగారూ, జనం గంజికి లేక ఉన్నారు. మీరు సంతకం చేయరు, సరే. బలవంతం చేయను. అయినా ఇంజను ఆగి చాలాకాలమైంది. వానల్దాకా ఇవి బతకవు. అప్పుడు మీరు కాపాడినది వంటచెరకు అవుతుంది. ఆ నేలలో నాలుగు రాగి గింజలైనా పండనివ్వండి."

రైల్లో ముసలమ్మ అన్న మాటే అది. ఈసారి నేను మీసం ముట్టుకోలేదు. రేపు జవాబు చెబుతానని అక్కణ్ణుంచి కదిలాను.

కాలువ

మా స్థలంలో ముళ్ళకంప మోకాలెత్తు పెరిగి ఉంది. బావి మాత్రం నిండుగా ఉంది. ఎద్దులు తోలుబానను లాగి నీళ్ళు తోడే కపిల గట్టు ఇంకా చెక్కుచెదరలేదు. ఆ గట్టు ఎక్కితే గోడమీదుగా తోటంతా కనబడింది. చూడకూడదన్న నియమం మాకు లేదు.

నా జన్మలో ఆ తోటను పూర్తిగా చూడటం అదే మొదలు. మధ్యన తామర తొట్టి ఎండి, అడుగున మట్టి పెళ్ళలు లేచింది. సంపంగి చెట్టు సగం మోడు. రేకు పలకలు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి, కొన్నిటి వెనుక మొక్కే లేదు. ఆ మూల పేరిత జత, ఆకులు వాలినా పచ్చగానే ఉన్నాయి. విద్యార్థులు కాబోలు, ఇద్దరు ముగ్గురు ఎక్కడినుంచో కుండలతో నీళ్ళు తెచ్చి వాటి మొదట్లో పోస్తున్నారు. కుండలో సగం దారిలోనే ఒలికిపోతోంది.

పక్క చేనాయన మునిరెడ్డి దగ్గర గునపం అడిగాను. ఇచ్చి, నేను ఏం చేస్తానో చూద్దామని వెంటే వచ్చాడు. సున్నం పూసిన చోటు వెతికి నాలుగు దెబ్బలు వేశానో లేదో, అరచేతులు బొబ్బలెక్కాయి.

"సామీ, తలపాగా తీస్తే సగం బరువు తగ్గతాది" అన్నాడు మునిరెడ్డి.

తీసి కంపమీద పెట్టాను. అతను గునపం అందుకోబోయాడు. ఇవ్వలేదు. మూసినది మా ఇంటివారు, తెరవవలసింది మా ఇంటివారే. చప్పుడు విని గోడకు అవతలినుంచి రామనాథం గారు, "ఎవరండీ?" అని కేక వేశారు. చెప్పాను. కొంచెంసేపటికి అటునుంచి కూడా దెబ్బలు వినబడ్డాయి. సాయంత్రానికి ఒక ఇటుక లోపలికి జారింది, తర్వాత నాలుగు. కన్నంలోంచి ఆయన మట్టికొట్టుకున్న ముఖం కనబడింది.

"నమస్కారమండీ" అన్నారు.

"నమస్కారం" అన్నాను.

మర్నాడు మునిరెడ్డి తన ఎద్దులనూ, బాననూ అద్దెకిచ్చి కపిల కట్టాడు. నీళ్ళు కాలువ పట్టి, కన్నంలో సుడి తిరిగి, అటువైపు పోయాయి. నేను గట్టుమీద చెప్పులు విడిచి నిలబడి చూస్తున్నాను. విద్యార్థులు కుండలు పారేసి కాళ్ళతో నీళ్ళకు దారులు తీస్తున్నారు. ఒకడు జారిపడితే మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నీళ్ళు పేరిత దాకా చేరడానికి చాలాసేపు పట్టింది. చేరేదాకా కదల్లేదు.

కార్యదర్శి గారు వీధిలోంచి కేక వేశారు. "ఈవేళ అద్దె ఎద్దులు తెచ్చారు. బాగుంది. రేపు ఎవరు తోలుతారు? మీ బావి, మీ దయ. మళ్ళీ ఎవరో ఏదో అంటే మీరు మళ్ళీ మూస్తారు."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. గట్టు దిగి వీధిలోకి వచ్చాను.

"బావి ఇస్తున్నాను. ఈ స్థలమంతా ఇస్తున్నాను. బావి చుట్టూ ఉన్న నేలలో రాగి చల్లించండి, పండింది నలుగురికి పెట్టండి. తోట తోటగానే ఉండాలి. ఎద్దులూ బానా నేను కొనిస్తాను."

ఆయన నా బొబ్బల వైపు చూశారు. "యుద్ధం ముగిసేదాకా చెట్టు కదిలించం. అది నా మాట. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను. కమిటీ మారుతుంది, నేనూ ఉంటానో లేదో."

"నేను ఉంటాను. సంతకానికి అప్పుడు కూడా నా దగ్గరికే రావాలి."

పత్రం తర్వాత రాయించుకోవచ్చు. చెంబుతో బావినీళ్ళు తెప్పించి, వీధిలోనే నిలబడి ఆయన చేతిలో ధార పోశాను. పోసిన తర్వాత గుర్తొచ్చింది, నా చెప్పులు గట్టుమీద ఉండిపోయాయని. ఇక ఆ నేల నాది కాదు.

రామనాథం గారికి అర్థమైంది. ఆయన చాలా గంభీరంగా అడిగారు: "చెప్పులు దానంలోకి వస్తాయా అండీ?"

"రావు. కానీ నేను వెళ్ళి తెచ్చుకోలేను."

ఆయనే వెళ్ళి తెచ్చి నా కాళ్ళముందు పెట్టారు. వద్దన్నా వినలేదు. కంపమీద ఉన్న తలపాగా కూడా తెచ్చారు. జరీ నాలుగుచోట్ల చినిగింది. వీధిలోంచి గోడ తప్ప ఏమీ కనబడదు. అవతల నీళ్ళ చప్పుడు మాత్రం స్టేషను దారి మలుపుదాకా వినబడింది.

తిరుగుదారి

చంద్రగిరిలో రైలు ఆగినప్పుడు అత్తకు కబురు చెప్పమని ఒకాయనకు చెప్పాను. "కాలువ తెరిచినాడని చెప్పు, ఆమెకు తెలుస్తుంది" అన్నాను. పాకాలలో దిగి గురవయ్య ఇల్లు అడిగి వెళ్ళాను. ముసలమ్మ గడపలో కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బావి చుట్టూ రాగి వేస్తారని చెప్పాను.

"మరి సెట్లో?" అంది.

"చెట్లు కూడా."

"రెండూనా!" అని చేట పక్కన పెట్టి, కొడుకును పిలిచింది. "గురవా, మన సన్నాయి ఆయన వచ్చినాడు."

ఇది చదివి తిరుపతి వెళ్ళేవారు ఆ తోట చూసి రండి. మీకు అడ్డంలేదు. ఆ మూల పేరిత జత ఉంది, రేకు మీద పేరు రాసి ఉంటుంది. ఈ మధ్య రామనాథం గారు ఉత్తరం రాశారు, గింజలు మొలకెత్తాయట.

మా ఇంటి పల్లకిని పాకాల మేళంవాళ్ళకు అమ్మాను. కపిల ఎద్దులు ఆ డబ్బుతో కొన్నవే.